డెట్రాయిట్ తప్పు చేయలేదు

ఏటా జూలై చివరి వారం వచ్చిందంటే అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు రెండు వర్గాలుగా విడిపోతారు. సీజన్ మధ్యలో జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి గడువు ముగిసేది ఆ రోజుల్లోనే. ఒక్కో జట్టు ఆడాల్సిన 162 ఆటల్లో అప్పటికి వంద దాటిపోయి ఉంటాయి. ఎవరు పోటీలో నిలిచారో, ఎవరు ఈ ఏటికి ఆశ వదులుకున్నారో చాలావరకు తేలిపోయి ఉంటుంది. పోటీలో ఉన్న జట్టుకు ఎక్కడో ఒక చోట లోటు కనిపిస్తుంది. బంతి వేసే పిచ్చర్ ఒకడు భుజం నొప్పితో కూర్చుని ఉంటాడు, లేదా ఆఖరి ఇన్నింగ్స్‌లో నిబ్బరంగా బంతి వేసేవాడు ఉండడు. ఆ లోటు తీర్చగల అనుభవజ్ఞుడు ఆశ వదులుకున్న జట్టు దగ్గర ఉంటాడు. అతని ఒప్పందం చాలాసార్లు రెండు మూడు నెలల్లో ముగిసిపోయేదే. అతన్ని ఇమ్మంటే ఆ జట్టు డబ్బు అడగదు, మీ చిన్న లీగుల్లో ఎదుగుతున్న ఫలానా కుర్రవాణ్ణి ఇవ్వమంటుంది. రేపు పెద్ద ఆటగాడు అవుతాడని పేరు పడిన అలాంటి కుర్రవాణ్ణే అక్కడ ప్రాస్పెక్ట్ అంటారు. ఇవ్వాలా, వద్దా అన్నదే తగువు. డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ, డెట్రాయిట్ చుట్టుపక్కలా స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు ఈ ఆట చూస్తూ పెరుగుతున్నారు. ఈ తగువు ఇక మనకు పూర్తిగా పరాయిది కాదు.

కుర్రవాడికి అంత విలువ ఎందుకో ముందు చెప్పుకోవాలి. బేస్‌బాల్‌లో ఒక ఆటగాడు పెద్ద లీగులో అడుగుపెట్టాక ఆరు పూర్తి సీజన్ల సర్వీసు నిండేదాకా తనను తెచ్చుకున్న జట్టుకే కట్టుబడి ఉండాలి. అందులో మొదటి మూడేళ్లు కనీస జీతానికి దగ్గరలోనే ఆడతాడు. 2025లో ఆ కనీస జీతం 7,60,000 డాలర్లు. తర్వాతి మూడేళ్లు జీతం మధ్యవర్తుల లెక్క ప్రకారం పెరుగుతుంది, అయినా బయటి ధరకు తక్కువే. ఆరేళ్లు నిండాక అతను స్వతంత్రుడు, ఎవరు ఎక్కువిస్తే వారి దగ్గరికి పోవచ్చు. ఒక మంచి ఆటగాణ్ణి ఆరేళ్లపాటు తక్కువ ఖర్చుతో నిలుపుకోగలగడం జట్టుకు పెద్ద ఆస్తి. ఇవ్వొద్దనేవాళ్ల వాదనకు ఇదే పునాది. రెండు నెలల మురిపెం కోసం ఆరేళ్ల ఆటను ధారపోస్తారా అని వాళ్లు అడుగుతారు. ఇమ్మనేవాళ్లు మాత్రం, ఆ ఆరేళ్లు వస్తాయని హామీ ఎవరిచ్చారు, ఈ ఏడు చేతికందిన అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుంది అంటారు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ ఏళ్ల తరబడి ఈ తగువు తప్పు దారిలో నడుస్తోందని నా అభిప్రాయం. పదేళ్ల తర్వాత కుర్రవాడు ఏమయ్యాడన్నది పట్టుకుని ఆనాటి నిర్ణయాన్ని తూకం వేస్తున్నారు. తూకం వేయాల్సింది ఆనాడు తెలిసిన వాటితో. జట్టుకు ఏం కొరత ఉంది, వచ్చేవాడు ఆ కొరతను ఎంత మేరకు తీరుస్తాడు, అదే సాయం ఇంతకన్నా చవకగా దొరుకుతుందా? ఈ మూడింటికీ జవాబు చెప్పుకుంటే, తప్పని పేరుపడ్డ కొన్ని బేరాలు ఒప్పుగా తేలతాయి.

అలా ఒప్పుగా తేలేవాటిలో నేను ముందు నిలబెట్టేది 1987 నాటి డెట్రాయిట్ బేరం. బేస్‌బాల్‌లో చెడ్డ బేరాల జాబితా ఎవరు రాసినా ఇది అందులో ఉంటుంది. ఆ ఏడు డెట్రాయిట్ టైగర్స్ మొదటి 30 ఆటల్లో 19 ఓడింది. అక్కడి నుంచి లేచి ఆగస్టు నాటికి టొరంటో బ్లూ జేస్‌తో భుజం భుజం రాసుకునే స్థితికి వచ్చింది. అప్పట్లో ఒక్కో లీగులో రెండే డివిజన్లు. డివిజన్‌లో మొదటి స్థానం వస్తేనే ముందుకు పోవడం, రెండో స్థానం వచ్చినవాళ్లు ఇంటికే. డెట్రాయిట్‌కు మొదటి నుంచి ఆట నడపగల పిచ్చర్ ఒకడు తక్కువయ్యాడు. అప్పట్లో ఆగస్టులోనూ బేరాలు కుదిరేవి. ఆ నెల 12న ఆ జట్టు అట్లాంటా బ్రేవ్స్ నుంచి డోయిల్ అలెగ్జాండర్‌ను తెచ్చుకుంది. అతనికి 36 ఏళ్లు, నెల తిరగకుండానే 37 నిండుతాయి. ఆ ఏడు అట్లాంటాలో అతను 5 గెలిచి 10 ఓడాడు. బదులుగా ఇచ్చింది 20 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్‌ను. స్మోల్ట్జ్ మిషిగన్ రాష్ట్రం వాడే, లాన్సింగ్‌లో టైగర్స్‌ను అభిమానిస్తూ పెరిగినవాడు. తర్వాత అతను పెద్ద లీగులో 213 విజయాలు, ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించినందుకు లెక్కగట్టే సేవులు 154 సాధించాడు. 1996లో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. 2015లో మేటి ఆటగాళ్ల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఇంటి పిల్లవాణ్ణి ఇచ్చి ముసలివాణ్ణి తెచ్చుకున్నారని డెట్రాయిట్ అభిమానులు నేటికీ బాధపడటం అందుకే. ఆ బాధను నేను తక్కువ చేయను. ఆ బేరం తప్పు అన్న తీర్పునే కాదంటాను.

ఆ ముసలివాడు చేసిన పని చూడండి. మిగిలిన ఏడు వారాల్లో అలెగ్జాండర్ 11 ఆటలు మొదలుపెట్టాడు. 9 విజయాలు, ఒక్క ఓటమి లేదు, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.53. అతను మొదలుపెట్టిన 11 ఆటల్నీ డెట్రాయిట్ గెలిచింది. వీటన్నిటిలో విజయం అతని ఖాతాలో పడని ఒక ఆటను దగ్గర నుంచి చూడాలి. సెప్టెంబరు 27, ఆదివారం, టొరంటోలో. అంతకు ముందు వరుసగా మూడు రోజులు డెట్రాయిట్ అదే మైదానంలో ఒక్కో పరుగు తేడాతో ఓడింది. టొరంటో ఆధిక్యం మూడున్నర ఆటలకు పెరిగింది, సీజన్‌లో మిగిలింది ఒక్క వారం. ఆ ఆదివారం కూడా పోతే దాదాపు కథ ముగిసినట్టే. బంతి అలెగ్జాండర్ చేతికిచ్చారు. ఎదుట ఉన్నది అతని పాత జట్టే, అంతకు ముందు ఏడాది దాకా అతను టొరంటోకే ఆడాడు. తొమ్మిదో ఇన్నింగ్స్ వచ్చేసరికి డెట్రాయిట్ 1-0తో వెనకబడి ఉంది. ఆట చివర్లో టొరంటో నమ్ముకున్న పిచ్చర్ టామ్ హెంకీ బంతిని కిర్క్ గిబ్సన్ స్టాండ్లలోకి కొట్టి లెక్క సమం చేశాడు. ఆట పొడిగింపులోకి వెళ్లింది. అలెగ్జాండర్ మాత్రం మైదానం దిగలేదు. పదో ఇన్నింగ్స్ దాటించి, పదకొండో ఇన్నింగ్స్‌లో ఇద్దరిని ఔట్ చేసేదాకా వేస్తూనే ఉన్నాడు. పదమూడో ఇన్నింగ్స్‌లో గిబ్సనే మళ్లీ కొట్టి 3-2తో గెలిపించాడు. ఆ ఓటమితో మొదలై టొరంటో తన ఆఖరి ఏడు ఆటలూ ఓడిపోయింది. చివరి మూడు రోజులూ రెండు జట్లూ డెట్రాయిట్‌లో తలపడ్డాయి. శుక్రవారం 4-3తో గెలిచింది అలెగ్జాండరే. ఆదివారం డెట్రాయిట్ పిచ్చర్ ఫ్రాంక్ టనానా 1-0తో ముగించాడు, ఆ ఒక్క పరుగు లారీ హెర్న్‌డన్ కొట్టిన హోమ్ రన్. డెట్రాయిట్ 98 గెలిచింది, టొరంటో 96. ఆ రెండు ఆటల తేడాలో అలెగ్జాండర్ లేడని ఎవరు అనగలరు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఆ తర్వాతి సిరీస్‌లో మిన్నెసోటా చేతిలో డెట్రాయిట్ 4-1తో ఓడింది, అలెగ్జాండర్ మొదలుపెట్టిన రెండు ఆటలూ ఓడాడు, కప్పు రాలేదు, మరి ఏం సాధించినట్టు అంటారు. నిజమే, కప్పు రాలేదు. కానీ ఆగస్టులో జట్టు కొనగలిగేది కప్పును కాదు, కప్పు కోసం పోటీపడే హక్కును. ఏడాదంతా ఆడి చివరి నాలుగు జట్లలో నిలవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పైగా పోటీ ముదిరాక ఒక పిచ్చర్ రెండు ఆటలు ఓడతాడని ఆగస్టులోనే ఎవరూ లెక్కగట్టలేరు. 2015లో కాన్సస్ సిటీ సరిగ్గా దీనికి వ్యతిరేకమైన అనుభవం చూసింది. ముగ్గురు కుర్ర పిచ్చర్లను సిన్సినాటికిచ్చి జానీ క్వేటోను తెచ్చుకుంటే, సీజన్ మిగిలిన భాగంలో అతను 4 గెలిచి 7 ఓడాడు. బేరం బెడిసికొట్టిందని అంతా అనుకుంటున్న వేళ, హ్యూస్టన్‌తో తాడోపేడో తేలాల్సిన ఐదో ఆటలో ఎనిమిది ఇన్నింగ్స్ వేసి రెండే హిట్లు ఇచ్చాడు. కప్పు తేల్చే వరల్డ్ సిరీస్ రెండో ఆటలో ఆట మొత్తం తానే వేసి మళ్లీ రెండే హిట్లు ఇచ్చాడు. ఆ ఊరికి 30 ఏళ్ల తర్వాత కప్పు వచ్చింది. డెట్రాయిట్‌కు వచ్చినవాడు చివర్లో విఫలమయ్యాడు, కాన్సస్ సిటీకి వచ్చినవాడు చివర్లో నిలబడ్డాడు. రెండు బేరాల వెనక ఉన్న ఆలోచన ఒక్కటే. ఫలితం వేరుగా వచ్చినంత మాత్రాన ఒకటి తెలివి, ఇంకొకటి తెలివితక్కువ కాజాలవు.

అంతకన్నా బలమైన అభ్యంతరం స్మోల్ట్జ్ పేరే. 213 విజయాల మనిషిని ఇచ్చేశారు కదా అంటారు. బేరం కుదిరిన రోజున స్మోల్ట్జ్ ఏమిటో చూద్దాం. 1985లో, జట్లు కొత్తవాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, ఇరవై రెండో రౌండ్‌లో తీసుకున్న కుర్రవాడు. 1987లో గ్లెన్స్ ఫాల్స్ అనే ఊళ్లో చిన్న లీగుల్లోని డబుల్-ఏ స్థాయిలో 4 గెలిచి 10 ఓడాడు, సగటు 5.68. చేతిలో వేగం ఉందని అందరికీ తెలుసు. కానీ వేగం ఉన్న ఇరవై ఏళ్ల వాళ్లు ప్రతి జట్టు చిన్న లీగుల్లోనూ ఉంటారు. వాళ్లలో ఎవరు నిలుస్తారో చెప్పగలిగితే ఆ బేరం అసలు జరిగేదే కాదు. సరే, వెనక్కి తిరిగి చూసే తీర్పునే ఒప్పుకుందాం అనుకున్నా, లెక్క సరిగ్గా వేయాలి. ఇందాక చెప్పిన ఆరేళ్ల నియమం ఇక్కడ పనికొస్తుంది. స్మోల్ట్జ్ 1988 జూలైలో పెద్ద లీగుకు వచ్చాడు. డెట్రాయిట్‌లోనే ఉండి, అప్పుడే వచ్చి ఉంటే, 1994 సీజన్‌తో అతనిపై ఆ జట్టు హక్కు ముగిసేది. ఆ ఏడు సీజన్లలో అతని విజయాలు 78, ఓటములు 75. అతను మంచి పిచ్చర్ కాడని నేననడం లేదు. గెలుపోటములు పిచ్చర్ ఒక్కడి చేతిలో ఉండవు. కానీ డెట్రాయిట్ పోగొట్టుకున్నది 213 కాదు, ఆ 78కి అటూ ఇటూ ఏదో. సై యంగ్ వచ్చిన 1996లో అతను 24 గెలిచాడు. అదే ఏడు టైగర్స్ 109 ఆటలు ఓడింది. అంత అధోగతిలో ఉన్న జట్టు, స్వతంత్రుడైన మేటి పిచ్చర్‌ను పెద్ద జీతమిచ్చి నిలుపుకునేదని నమ్మడం కష్టం. డెట్రాయిట్ పతనానికి ఆ బేరమే కారణమన్న మాట కూడా నిలవదు. ఆ జట్టు క్యాచర్ లాన్స్ పారిష్ 1987లోనే ఫిలడెల్ఫియాకు పోయాడు, గిబ్సన్ 1988లో లాస్ ఏంజెలెస్‌కు పోయి ఆ ఏడే మేటి ఆటగాడి బహుమతి కొట్టాడు, ఉన్నవాళ్లకు వయసు మీద పడింది. 1989లో 103 ఆటలు ఓడిన జట్టును ఒక్క పిచ్చర్ నిలబెట్టలేడు.

కుర్రవాణ్ణి ఇవ్వడం ఎప్పుడూ ఒప్పేనని నేను చెప్పడం లేదు. 1990 ఆగస్టు ఆఖరులో బోస్టన్ రెడ్ సాక్స్ చేసిన బేరం తప్పు. అది జెఫ్ బ్యాగ్‌వెల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు గనక తప్పు కాదు, వెళ్లకపోయినా తప్పే అయ్యేది. ఆ రోజుకు బోస్టన్ తన డివిజన్‌లో ముందంజలో ఉంది. హ్యూస్టన్ నుంచి తెచ్చుకున్న లారీ యాండర్సన్ 37 ఏళ్ల రిలీవర్. రిలీవర్ అంటే ఆట చివర్లో ఒకటి రెండు ఇన్నింగ్స్ వేసేవాడు. సీజన్‌లో మిగిలింది నెల రోజులు. అతను ఎంత బాగా వేసినా ఎన్ని ఇన్నింగ్స్ వేయగలడు? చివరికి వేసినవి 22. అవి చాలా బాగా వేశాడు, సగటు 1.23. అలెగ్జాండర్ డెట్రాయిట్‌కు వేసినవి 88. ఈ రెండు అంకెల మధ్య దూరమే నా వాదనకు ఆయువుపట్టు. ఏడు వారాలు అయిదు రోజులకోసారి ఆటను భుజాన వేసుకునేవాడు వేరు, నెల రోజులు అప్పుడప్పుడు వచ్చి పోయేవాడు వేరు. బదులుగా ఇచ్చిన బ్యాగ్‌వెల్ అప్పటికి డబుల్-ఏలో .333 సగటుతో కొడుతున్నాడు. స్మోల్ట్జ్‌లా అంకెల వెనక దాగినవాడు కాదు, అంకెల్లోనే కనిపిస్తున్నవాడు. మూడో బేస్ దగ్గర వేడ్ బాగ్స్ ఉన్నాడు, వెనక స్కాట్ కూపర్ వస్తున్నాడు గనక బ్యాగ్‌వెల్‌కు చోటు లేదన్నది బోస్టన్ సమాధానం. చోటు లేకపోతే ఇవ్వడం తప్పు కాదు, ఇంత తక్కువకు ఇవ్వడమే తప్పు. బోస్టన్ డివిజన్ గెలిచింది, ఓక్లాండ్ చేతిలో నాలుగుకు నాలుగూ ఓడింది, చలికాలంలో యాండర్సన్ సాన్ డియాగో వెళ్లిపోయాడు. బ్యాగ్‌వెల్ 1991లో ఉత్తమ కొత్త ఆటగాడు, 1994లో లీగులో మేటి ఆటగాడు. ఈసారి ఆరేళ్ల లెక్క కూడా బోస్టన్‌ను కాపాడదు. ఎందుకంటే అతని మేటి ఏళ్లు ఆ ఆరేళ్ల లోపలే వచ్చాయి.

కుర్రవాణ్ణి ఇవ్వడాన్ని విత్తనపు వడ్లు దంచుకుని తినడంతో పోల్చేవాళ్లుంటారు. ఆ పోలిక వినడానికి బాగుంటుంది గానీ సరిపోదు. మంచి విత్తనాలు చల్లితే చాలావరకు మొలుస్తాయని రైతుకు తెలుసు. ప్రాస్పెక్టుల్లో ఏది మొలుస్తుందో ఏళ్ల తరబడి వాళ్లను దగ్గరుండి చూసిన స్కౌట్లకే తెలియదు. 2008 జూలై 7న మిల్వాకీ బ్రూవర్స్ క్లీవ్‌లాండ్ నుంచి పిచ్చర్ సి.సి. సబాథియాను తెచ్చుకున్నప్పుడు, ఊరంతా గుండెలు బాదుకున్నది మాట్ లపోర్టా అనే కుర్రవాడి కోసం. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో మొత్తం మీద ఏడోవాడిగా తీసుకున్నవాడు, బలంగా కొట్టేవాడు. అతను క్లీవ్‌లాండ్‌లో నాలుగు సీజన్లలో 31 హోమ్ రన్లు కొట్టి ఆగిపోయాడు. నిలిచినవాడు మైకేల్ బ్రాంట్లీ. బేరం రోజున అతని పేరు కూడా బయటికి రాలేదు. నాలుగో ఆటగాడు ఎవరన్నది తర్వాత తేల్చుకుందామని ఖాళీగా ఉంచిన చోటులో అక్టోబరులో చేరిన పేరది. తర్వాత లీగు మేటి ఆటగాళ్లలో ఒకడిగా ఆల్-స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. అభిమానులు పేరున్న కుర్రవాడి కోసం ఏడ్చారు, పోయింది మాత్రం పేరు లేనివాడు. ఇది మిల్వాకీని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కుర్రవాడి భవిష్యత్తు మీద కట్టే వాదన ఎంత బలహీనమైన పునాది మీద నిలుస్తుందో చెప్పడానికే.

మిల్వాకీ సంగతి ఇంకా కొంచెం చెప్పాలి. ఎందుకంటే చిన్న ఊరి జట్లు కుర్రవాళ్లను అస్సలు వదులుకోకూడదన్న వాదనకు జవాబు అక్కడే ఉంది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ జట్లు తప్పు చేసినా డబ్బుతో దిద్దుకోగలవు, చిన్న ఊళ్లకు కుర్రవాళ్లే డబ్బు అంటారు. మాట నిజమే. కానీ డబ్బు దాచుకోవడానికే కాదు, ఒక రోజు ఖర్చుపెట్టడానికి కూడా కదా. మిల్వాకీ 1982 తర్వాత 26 ఏళ్లు, సీజన్ ముగిశాక కప్పు కోసం ఆడే పోస్ట్ సీజన్ ముఖం చూడలేదు. సబాథియా ఆ జట్టుకు 17 ఆటలు మొదలుపెట్టి 11 గెలిచాడు, 2 ఓడాడు, సగటు 1.65. ఏడు ఆటలు మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా తానే వేశాడు. చివర్లో వరుసగా మూడుసార్లు, మామూలు నాలుగు రోజుల విశ్రాంతి మానుకుని మూడు రోజులకే బంతి పట్టాడు. చలికాలంలో కొత్త ఒప్పందం కోసం ఎదురుచూస్తున్న పిచ్చర్ తన భుజాన్ని అలా పణంగా పెట్టడం నాకు ఎప్పుడు తలచుకున్నా గొప్పగా అనిపిస్తుంది. సీజన్ ఆఖరి రోజు, సెప్టెంబరు 28న, చికాగో కబ్స్‌ను 3-1తో ఓడించింది కూడా అతనే. ఒక్క ఆట తేడాతో మిల్వాకీ ముందుకెళ్లింది. ఆ ఏడు ఆ చిన్న ఊరి స్టేడియానికి మొదటిసారి 30 లక్షలకు పైగా జనం వచ్చారు. తర్వాతి సిరీస్ ఫిలడెల్ఫియాకు పోగొట్టుకున్నారు, సబాథియా ఏడేళ్లకు 16.1 కోట్ల డాలర్ల ఒప్పందంతో న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లాడు. అయినా 26 ఏళ్లు ఎదురుచూసిన ఊరికి దక్కిన ఆ మూడు నెలలను వృథా ఖర్చు అనడానికి నాకు మనసొప్పదు.

ఇప్పటి రోజులకు వస్తే, ఇమ్మనేవాళ్లు జాగ్రత్తపడాల్సిన మార్పు ఒకటి జరిగింది. 2022 నుంచి 12 జట్లు పోస్ట్ సీజన్‌కు వెళుతున్నాయి. ఒక్కో లీగులో మూడు డివిజన్ విజేతలు కాక, మిగిలినవాటిలో ముందున్నందుకు వైల్డ్ కార్డు దక్కే మూడు జట్లు. అందువల్ల జూలై చివర్లో సగటు జట్టు కూడా తాను పోటీలో ఉన్నాననే అనుకుంటుంది. కొనేవాళ్లు ఎక్కువై, అమ్మేవాళ్లు తక్కువైతే ధర పెరుగుతుంది. దక్కేది మాత్రం తగ్గింది. చివరి వైల్డ్ కార్డుతో లోపలికి వెళితే ముందుగా ఆడాల్సింది ఎదుటి జట్టు మైదానంలో మూడు ఆటల సిరీస్. రెండు ఆటలు ఓడితే ఇంటికే. 1987లో డెట్రాయిట్ కొన్నది చివరి నాలుగింటిలో చోటు. ఇప్పుడు చాలా జట్లు కొంటున్నది మూడు ఆటల ఆశ. 2023లో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ అలాగే చేసింది. ఆ జట్టు మేటి ఆటగాడు షోహెయ్ ఒహ్తానీ ఒప్పందం ఆ ఏడుతో ముగుస్తోంది. అతన్ని అమ్మితే కుర్రవాళ్లు దొరుకుతారు. అమ్మకపోగా, వైల్డ్ కార్డుకు కూడా వెనకబడి ఉన్న ఆ జట్టు ఎడ్గర్ కేరో అనే క్యాచర్‌ను, మరో పిచ్చర్‌ను చికాగో వైట్ సాక్స్‌కు ఇచ్చి పిచ్చర్ లూకస్ జియోలిటోను, ఒక రిలీవర్‌ను తెచ్చుకుంది. ఆగస్టులో 27 ఆటల్లో 19 ఓడింది. జియోలిటో 6 ఆటలు మొదలుపెట్టి ఒకటి గెలిచి 5 ఓడాడు. నెల తిరిగేసరికి అతన్ని ఎవరైనా తీసుకుపొమ్మని వదిలేశారు. డిసెంబరులో ఒహ్తానీ పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందంతో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఇక్కడ తప్పు కేరో పెద్దవాడు అవుతాడా కాడా అన్నదానిలో లేదు. ఒక్క పిచ్చర్ వచ్చినంత మాత్రాన తీరే కొరత కాదది, ఆ సంగతి జూలైలోనే కనిపిస్తోంది.

మూడో ప్రశ్నను, అంటే అదే సాయం చవకగా దొరుకుతుందా అన్నదాన్ని, అభిమానులు దాదాపు ఎప్పుడూ అడగరు. 2021 జూలై 10న అట్లాంటా బ్రేవ్స్ తన మేటి ఆటగాడు రొనాల్డ్ అకూన్యాను మోకాలి గాయంతో కోల్పోయింది. అప్పటికి ఆ జట్టు గెలుపులు ఓటములను మించలేదు. ఆ జట్టు పేరున్న ప్రాస్పెక్టును ఒక్కణ్ణి కూడా వదులుకోకుండా జాక్ పీడర్సన్, హోర్హే సోలేర్, ఎడ్డీ రొసారియో, ఆడమ్ డువాల్ అనే నలుగురు అవుట్‌ఫీల్డర్లను తెచ్చుకుంది. అప్పటికి వాళ్లలో కొందరు తమ తమ జట్లలో వెలవెలబోతున్నవాళ్లు, రొసారియో గాయంతో కూర్చున్నవాడు. 88 విజయాలతో సీజన్ ముగించి అట్లాంటా వరల్డ్ సిరీస్ గెలిచింది. లీగు ఫైనల్లో మేటి ఆటగాడు రొసారియో, వరల్డ్ సిరీస్‌లో మేటి ఆటగాడు సోలేర్. ప్రతిసారీ ఇలా కలిసొస్తుందని కాదు. కానీ ఖాళీ చోట నిలబడగల మనిషి కావాలా, మెరిసే పేరు కావాలా అన్నది ముందే తేల్చుకున్న జట్టుకు బేరంలో పైచేయి ఉంటుంది. ప్రాస్పెక్టును కాపాడుకోవాలనే వర్గానికి ఇంతకన్నా మంచి ఆయుధం లేదు. ఇవ్వొద్దు అని ఊరుకోకుండా, ఇతని బదులు ఫలానా వాణ్ణి తెచ్చుకోండి అని చూపించగలిగితే వాళ్ల మాటకు బరువు వస్తుంది.

2016లో చికాగో కబ్స్ బేరం ఈ లెక్కలన్నిటికీ నిలిచే బేరమే. డివిజన్‌లో మొదటి స్థానం, 1908 నుంచి రాని కప్పు, ఆట ముగించే రిలీవర్ కొరత. ఆ కొరత తీర్చడానికి 19 ఏళ్ల గ్లేబర్ టోరెస్‌ను మరి ముగ్గురితో కలిపి యాంకీస్‌కు ఇచ్చి ఆరోల్డిస్ చాప్‌మన్‌ను తెచ్చారు. కబ్స్‌కు తరాలు మారినా రాని కప్పు ఆ శరత్కాలంలో వచ్చింది. వరల్డ్ సిరీస్‌లో 3-1తో వెనకబడి ఉన్నప్పుడు ఐదో ఆటలో చివరి ఎనిమిది మందిని ఔట్ చేసి 3-2తో కాపాడింది చాప్‌మనే. ఏడో ఆటలో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోమ్ రన్ ఇచ్చి 6-6 చేసింది కూడా అతనే. పదో ఇన్నింగ్స్‌లో జట్టు గెలిచింది. టోరెస్ యాంకీస్‌కు ఏడు సీజన్లు ఆడాడు, అక్కడ రెండుసార్లు ఆల్-స్టార్ అయ్యాడు. కబ్స్ అభిమానుల్లో కప్పు వెనక్కిచ్చి టోరెస్‌ను తెచ్చుకుందామనేవాళ్లు నాకు కనిపించరు. అయితే ఆ బేరంలో అసలు అభ్యంతరం టోరెస్ గురించి కాదు. గృహహింస విషయంలో లీగు తెచ్చిన కొత్త విధానం కింద శిక్ష పడిన మొదటి ఆటగాడు చాప్‌మన్. కోర్టు కేసు పెట్టలేదు గానీ లీగు 30 ఆటలు సస్పెండ్ చేసింది. చికాగో అభిమానుల్లో, ముఖ్యంగా స్త్రీలలో, ఇతను వేసిన బంతికి మేం ఎలా చప్పట్లు కొట్టాలి అన్నవాళ్లున్నారు. ఆ ప్రశ్నకు ఇన్నింగ్స్ లెక్కలో జవాబు లేదు, కప్పు కూడా దానికి జవాబు కాదు. నా మూడు ప్రశ్నలు ఆట లోపలి బేరానికే పనికొస్తాయి. ఎవరిని తెచ్చుకోకూడదన్నది జట్టు అంతకన్నా ముందే తేల్చుకోవాల్సిన విషయం, చికాగో దాన్ని చాలా సులభంగా దాటేసిందని నా నమ్మకం.

చివరగా, ఇవ్వొద్దనేవాళ్లు కుర్రవాడి తరఫున మాట్లాడుతున్నామంటారు. ఆ కుర్రవాడి వైపు నుంచే ఒకసారి చూద్దాం. ఉన్న చోటే ఉంటే అతను తర్వాత అయినంతవాడే అయ్యేవాడని వాళ్లు ధీమాగా అనుకుంటారు. బ్యాగ్‌వెల్ బోస్టన్‌లో మూడో బేస్ దగ్గర బాగ్స్ వెనక వరుసలో నిలబడాల్సినవాడు. హ్యూస్టన్ అతన్ని మొదటి బేస్‌కు మార్చి 1991 మొదటి ఆట నుంచే ఆడనిచ్చింది. స్మోల్ట్జ్ సంగతి ఇంకా స్పష్టం. 1988లో అట్లాంటా 106 ఆటలు ఓడింది, పోగొట్టుకోవడానికి ఆ జట్టు దగ్గర ఏమీ లేదు. 21 ఏళ్ల స్మోల్ట్జ్ ఆ జూలైలో వచ్చి 2 గెలిచి 7 ఓడాడు, సగటు 5.48. అయినా అతని చేతికి మళ్లీ మళ్లీ బంతి ఇచ్చారు. మరుసటి ఏడాది అతను ఆల్-స్టార్ జట్టులో ఉన్నాడు. అదే 1988లో డెట్రాయిట్ బోస్టన్‌తో ఆఖరి దాకా పోరాడి ఒక్క ఆట తేడాతో డివిజన్ పోగొట్టుకుంది. ఆ జట్టు పిచ్చర్లలో జాక్ మోరిస్ ఉన్నాడు, టనానా ఉన్నాడు, ఆ ఏడు ఆల్-స్టార్‌గా ఎంపికైన అలెగ్జాండర్ ఉన్నాడు. ఒక్కో ఆట ప్రాణప్రదమైన అలాంటి వేసవిలో, పదేపదే ఓడుతున్న కుర్రవాడికి డెట్రాయిట్ అయిదు రోజులకోసారి బంతి ఇచ్చి ఉండేదని నేను అనుకోను.